వాసెన కట్టిన జాడీ

సారా కాయడం వేరు, దుకాణంలో కొన్న బ్రాందీలో పండ్ల తొక్కలు నానబెట్టుకోవడం వేరు. మొదటిది నేరం, పైగా ప్రమాదం. రెండోది ఊరగాయ పెట్టడం లాంటి పని. ఇంత చిన్న తేడాను డిగ్రీలు చదివినవాళ్లకు కూడా కూర్చోబెట్టి చెప్పవలసి రావడం నాకు ఇప్పటికీ ఒళ్లుమండే విషయం. అయితే ఊరగాయతో పోల్చి చెప్పే అలవాటు నాదే. ఆ పోలికను మా ఇంట్లో ఒకరు ఉన్నదున్నట్టు నమ్మారు.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తపేట నుంచి పలివెల వెళ్లే దారిలో మా ఇల్లు. ఊళ్లో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు, అందరికీ సిస్టరమ్మగారినే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు బ్రాందీ అంటే పగ. బాలింతకు చలువ చేయకుండా చెంచాడు బ్రాందీ పట్టించడం మా ప్రాంతంలో పాత అలవాటు. ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా వెంట వచ్చిన పెద్దావిడ ఎవరో ఒకరు తలగడ కింద చిన్న సీసా దాచేవారు. నేను దాన్ని వెతికి తీసి సింకులో పారబోసేదాన్ని. వాళ్లు శాపనార్థాలు పెట్టేవారు. అటువంటి మనిషి పెద్దతనంలో బ్రాందీ సీసాలు ముందేసుకుని కూర్చుందని ఊరు నవ్వుకుంటే నవ్వుకోనీ. పచ్చి బాలింతకు పట్టే చెంచాకూ, క్రిస్మస్ భోజనం అయ్యాక ఒక ముసలి మనిషి ఆసుపత్రిలో మందు కొలిచే చిన్న గ్లాసుతో కొలుచుకుని పుచ్చుకునే గుక్కకూ ఉన్న తేడా తెలియనివాళ్లతో నాకు వాదన లేదు.

ఇదంతా కేకుతో మొదలైంది. మా ఇళ్లలో క్రిస్మస్ కేకులోకి ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్క నెలా రెండు నెలల ముందే బ్రాందీలో నానేస్తారు. ఇప్పుడు చాలామంది ఆ శ్రమ మానేసి బేకరీ కేకు తెచ్చి, ఎసెన్సు వాసనను చూసి మురిసిపోతున్నారు. ఆ సంగతి ఇంకోసారి చెబుతాను, లేకపోతే ఈ కాగితాలు చాలవు. ఒక సంవత్సరం పండ్లన్నీ కేకులోకి వెళ్లాక సీసా అడుగున కాస్త రసం మిగిలింది. పారబోయడానికి చెయ్యి రాక రుచి చూశాను. బ్రాందీలోని ఘాటు మెత్తబడి, నారింజ తొక్క వాసన గొంతు దాకా వెళ్లి అక్కడే కాసేపు కూర్చుంది. కేకు కన్నా అదే బాగుందని నాకు అనిపించింది. అనిపించినది రాసి పెట్టుకున్నాను.

ఆ తరువాత మా పెరట్లోనూ చుట్టుపక్కల తోటల్లోనూ కాసే ప్రతి పండునూ ఒకసారి నానబెట్టి చూశాను. ప్రతి సీసాకూ ప్లాస్టరు ముక్క అంటించి, వార్డులో రోగికి చార్టు రాసినట్టే ఏం వేశానో, ఎప్పుడు వడకట్టానో, రుచి ఎలా ఉందో రాశాను. కొత్తపల్లి కొబ్బరి మామిడి ముద్దగా అయిపోయి వడగుడ్డలో నుంచి దిగనే లేదు. నేరేడు రంగు చూస్తే కళ్లు చెదిరాయి, నోట్లో పెట్టుకుంటే నాలుక మడత పడింది. పనస తొనలు వేసిన సీసా మూత తీసిన రోజున పక్కింటివాళ్లు గోడ మీద నుంచి పనసకాయ ఎప్పుడు కోశారని అడిగారు. కొబ్బరితోటల్లో నీడన పెంచే జాజికాయ చెట్ల నుంచి పై కండ తెచ్చి వేస్తే మందులషాపు వాసన వచ్చింది. చిన్న ముక్క అయితే మాత్రం మంచిదే.

చివరికి నాకు నిలిచినది పంపరపనస. మా పెరట్లో ఒక చెట్టు ఉంది. కాయలు పిల్లల తలకాయలంత అవుతాయి. అందరూ లోపలి తొనలు తిని తొక్క పారేస్తారు. అసలు సరుకు ఆ తొక్క మీదే ఉంది. పైన పసుపు తిరిగిన పొరను కాగితం మందాన చెక్కాలి. కింద ఉండే తెల్లని బెండు ఒక్క గోరంత పడినా సీసా మొత్తం చేదు. ఇది చెప్పినా వినకుండా బెండుతో సహా కోసి వేసి, సిస్టరమ్మగారి పద్ధతి బాగాలేదని ఊరంతా చెప్పినవాళ్లు ఉన్నారు. చెక్కిన పొరను జాజికాయ కండ చిన్న ముక్కతో పాటు బ్రాందీలో నానేసి, రంగు వదిలి వెలవెలబోయాక తీసేయాలి. అప్పుడు పంచదార పాకం పూర్తిగా చల్లార్చి కలపాలి. ఆ తరువాత గాజు సీసాలో, రబ్బరు వాషరు ఉన్న బిర్రు మూత పెట్టి, వెలుతురు తగలని బీరువాలో ఉంచి, దాన్ని మరచిపోవాలి. మరచిపోవడమే కష్టం.

నాకు ఇంకో పని కూడా ఉంది. చెప్పాలంటే అదే పెద్దది. మా చర్చి సంఘంలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే ఆరాధన, జరుగుతుంది. ఆ బల్లకు ద్రాక్షరసం కాచేది చాలా ఏళ్లుగా నేనే. నల్ల ద్రాక్ష కడిగి, తొడిమలు తీసి, సన్నని సెగ మీద కాచి, పిసికి, వడకట్టి, మళ్లీ మరిగించి, మరిగించిన సీసాల్లో వేడి మీదే పోసి మూత వేయాలి. అలా చేస్తే పొంగదు, పులియదు. దానికి గిన్నెలు వేరు, గరిటె వేరు, గుడ్డ వేరు. వేరే వంటకు వాటిని ముట్టుకోనివ్వను. ఆరాధనలో చిన్న చిన్న గ్లాసులు వరసలో చేతులు మారుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని ఆ రంగును చూస్తాను. రిటైరయ్యాక నాకు వార్డు లేదు, డ్యూటీ లేదు. పదిమంది నా చేతి శుభ్రాన్ని నమ్మి నోట్లో పెట్టుకునే పని అదొక్కటే మిగిలింది.

ఆ పని పోయేంతవరకు వచ్చింది.

బ్రాందీ తెచ్చేది మా వారు. ఆయన కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. జీవితంలో చుక్క ముట్టలేదు. కొత్తపేటలో కొంటే తెలిసినవాళ్లు చూస్తారని, బియ్యం తెచ్చే సంచీ పట్టుకుని రావులపాలెం వెళ్లి, షాపు ముందు తల వంచుకుని నిలబడి, కొని తెచ్చేవారు. కిందటి డిసెంబరులో అలా నిలబడినప్పుడు మా సంఘం సెక్రటరీగారి కంట పడ్డారు. సెక్రటరీగారు మా వారికి బావ వరస. బస్సు కోసం అక్కడ నిలబడ్డానని ఆయన తరువాత చెప్పారు. బస్సులు ఆగే చోటు అది కాదు.

క్రిస్మస్ అయ్యాక రాజోలులో మా అక్కకు మోకాలి ఆపరేషన్ జరిగింది. నేను వెళ్లి దగ్గర ఉండవలసి వచ్చింది. వెళ్లేలోగా నేను తిరిగి వచ్చేదాకా సరిపడేంత బల్లరసం కాచి, సీసాలు మందిరంలో అప్పగించాను. అప్పటికి పంపరపనస పెద్ద సీసా పాకం కలిపి బీరువాలో ఉంది. దాన్ని మా వారికి చూపించి, మూత తియ్యొద్దని, కదపొద్దని చెప్పాను. ఆయన దిగులుగా చూస్తుంటే ధైర్యం చెప్పడానికి ఇంకో మాట కూడా అన్నాను: మీ అమ్మగారు ఊరగాయను ఎలా చూసుకునేవారో అలా చూసుకోండి, చాలు.

మా అత్తగారి ఊరగాయలకు ఈ చుట్టుపక్కల పేరుండేది. ఆవిడ పోయినా ఆవిడ జాడీ మా ఇంట్లో అలాగే ఉంది. మా వారు దాన్ని ఏటా కడిగి, ఎండబెట్టి, బోర్లించి పెడతారు. నేను రాజోలులో అక్క చేత మెట్లు ఎక్కిస్తుండగా ఇక్కడ సీసా మూతలోని రబ్బరు ఉబ్బి, అంచున పాకం కారి, చీమలు పట్టాయట. ఫోను చేస్తే నేను కంగారు పడతానని ఆయన చెప్పలేదు. తనకు తెలిసిన మంచి పద్ధతి ఆలోచించుకుని, మొత్తం తీసుకెళ్లి అమ్మగారి జాడీలో పోశారు. జాడీ మూతికి పలచని తెల్లగుడ్డ వేసి, పురికొసతో బిగించి, అంటే వాసెన కట్టి, డాబా మీద ఎండలో పెట్టారు. సాయంత్రం దించేవారు, పొద్దున ఎక్కించేవారు. నాలుగు రోజులకోసారి గుడ్డ విప్పి, పొడి చెక్కగరిటెతో అడుగంటా తిరగకలిపేవారు. నేను తిరిగి వచ్చేదాకా ఒక్క పూట తప్పలేదు.

నేను మార్చిలో వచ్చాను. బీరువాలో సీసా లేదు. అడిగితే ఆయన మొహం వెలిగిపోయింది. డాబా మీద దివ్యంగా ఉందని, చూస్తే నాకే తెలుస్తుందని అన్నారు. డాబా మీద ఎందుకుందని అడిగేలోగా ఫోను మోగింది. పాస్టరుగారు. మా సంఘానికి కొత్తగా వచ్చిన చిన్నవాడు, మర్యాదస్తుడు. వచ్చే నెల బల్లకు రసం కాచడం ప్రస్తుతానికి ఆపమని, ఒక ఫిర్యాదు వచ్చిందని, సాయంత్రం పెద్దలతో వచ్చి మాట్లాడతామని ఎంతో ఇబ్బంది పడుతూ చెప్పారు.

వాళ్లు వచ్చేదాకా నేను ఏ పనీ చేయలేకపోయాను. బల్లరసం గిన్నెలు తీసి, తోమినవే మళ్లీ తోమాను.

సాయంత్రం ముగ్గురు వచ్చారు. పాస్టరుగారు, సెక్రటరీగారు, స్త్రీల సమాజానికి పెద్ద అయిన ముసలావిడ. ఆవిడను నేను పిన్నిగారూ అంటాను. చెవులు సరిగ్గా వినపడవు గానీ కళ్లు మాత్రం అన్నీ చూస్తాయి. సెక్రటరీగారు ఫిర్యాదు చేసింది తానేనని దాచకుండా చెప్పారు. మత్తు పదార్థం తయారు చేసే ఇంట బల్లరసం కాయడం సంఘానికి అపకీర్తి అని, ఇందులో సొంత కోపం ఏమీ లేదని అన్నారు. నేను తయారీకీ నానబెట్టడానికీ ఉన్న తేడా మొదటి నుంచి చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నారు, ఒప్పుకోలేదు. పాస్టరుగారు నేల చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. చూడని దాని మీద తీర్పు చెప్పడం ఎక్కడి న్యాయమని, ఉన్నది తెచ్చి ముందు పెడతాను, చూసి మాట్లాడమని అన్నాను. మా వారిని జాడీ దించమన్నాను.

ఆయన దాన్ని రెండు చేతులా గుండెకు ఆనించుకుని దించారు. మూతికి వాసెన కట్టి ఉంది. పురికొస నేనే విప్పాను.

మందుగ్లాసులో కొద్దిగా పోశాను. రంగు తేనెలా ఉంది. పాస్టరుగారు వాసన చూసి, చాలా బాగుందని చెప్పి, కింద పెట్టేశారు. సెక్రటరీగారు విచారణ కోసం తప్పదంటూ గ్లాసు అందుకున్నారు. ఒక గుక్క పుచ్చుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి, కళ్లు మూసుకుని, మింగి, మళ్లీ ఒక గుక్క పుచ్చుకున్నారు.

"ఇందులో బ్రాందీ లేదండీ," అన్నారు.

"ఆయ్, అలాగాండీ," అన్నారు మా వారు. "అంత ఖాయంగా ఎలా తెలిసిందండీ, బావగారూ?"

సెక్రటరీగారు గ్లాసు దింపి దగ్గారు. పిన్నిగారికి ఈ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినపడింది. ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగి కూర్చున్నారు.

నేను గ్లాసు తీసుకుని రుచి చూశాను. ఆయన చెప్పినది నిజమే. పంపరపనస ఉంది, పంచదార ఉంది, జాజికాయ లేశంగా ఉంది. మిగిలినది గుడ్డలో నుంచి మాఘమాసపు ఎండలో కలిసిపోయింది. నేను చాలా ఏళ్లుగా ఇంత మంచి శర్బతు తాగలేదు, ఇంత దుఃఖమూ పడలేదు.

"ఏవండీ, మూత పెట్టమన్నానా, వాసెన కట్టమన్నానా?" అన్నాను.

"ఊరగాయలా చూడమన్నావు గదా," అన్నారాయన. "మా అమ్మ జాడీలో ఇంతవరకు ఏదీ పాడవ్వలేదు. ఇదీ పాడవ్వలేదు, చూడు."

ఆ మొహం చూశాక కోప్పడబుద్ధి కాలేదు. ఊరగాయలో తడి పోవాలి గానీ, ఇందులో పోతే తిరిగి రానిది ఒకటుందని మాత్రం చెప్పాను. ఆయన జాడీలోకి తొంగి చూశారు, అది ఎటు పోయిందో ఇంకా కనపడుతుందేమోనన్నట్టు.

సెక్రటరీగారికి పెద్ద బరువు దిగినట్టయింది. ఫిర్యాదు చేశారే గానీ, చెల్లెలి వరసైన నన్ను బల్ల దగ్గర నుంచి తీసేయడం ఆయనకూ ఇష్టం లేదని అప్పుడు నాకు అర్థమైంది. చేతిసంచీలో నుంచి మినిట్స్ పుస్తకం తీశారు. ఈ ఇంట మత్తు పదార్థం ఏదీ కనపడలేదని, ఫిర్యాదు కొట్టివేయడమైనదని రాసేస్తానన్నారు. పెన్ను మూత కూడా తీశారు.

నేను ఊరుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. వచ్చే నెల రసం నేనే కాచేదాన్ని. కాని నా పనిలో అబద్ధపు చార్టు రాయడం నేను ఒప్పుకోలేదు, ఎవరినీ రాయనివ్వలేదు. రోగి బతికినా సరే.

"అలా రాయకండి, అన్నయ్యగారూ," అన్నాను. "నేను బ్రాందీ పోసేను. ఎండకి పోయింది. పంపరపనస కాయలు కాసినప్పుడు మళ్లీ పోస్తాను. ఉందనే రాసుకోండి."

సెక్రటరీగారు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను తోమి బోర్లించిన గిన్నెలు వంటింట్లో వరసగా కనపడుతున్నాయి. వాటి వైపు చూడకూడదని అనుకున్నాను గానీ చూశాను.

పిన్నిగారే ముందు నోరు విప్పారు. ఇంతకీ వచ్చే నెల రసం ఎవరు కాస్తారని అడిగారు. సెక్రటరీగారు తన కోడలు కాస్తుందని గట్టిగా అన్నారు. పిన్నిగారు వెంటనే, ఆ అమ్మాయి నిన్ననే తన దగ్గరకు వచ్చి, సిస్టరమ్మగారు పక్కన నిలబడితే తప్ప ఆ పొయ్యి వెలిగించనని చెప్పి వెళ్లిందని బయటపెట్టారు. ఇంకెవరైనా అని పాస్టరుగారు అడిగారు. తొడిమలు తీయడం నుంచి సీసాలు మరిగించడం దాకా ఆ పని ఎంతో అందరికీ తెలుసు.

పాస్టరుగారు నా వైపు తిరిగారు.

"అమ్మగారూ, ఈ ఇంట్లో కాయడం గదండీ అభ్యంతరం? మందిరం వెనక వంటగది ఉంది. అక్కడ కాయండి. మీరే కాయండి."

సెక్రటరీగారు ఆ మాటను తనే అన్నంత తొందరగా పుస్తకంలో ఎక్కించారు. నేను చదివి చూశాను. బ్రాందీ సంగతి ఉంది, వంటగది సంగతి ఉంది, నా సంగతి ఉంది. తప్పేమీ లేదు. సంతకం చేశాను. పిన్నిగారు శర్బతు తనకు ఎవరూ ఇవ్వలేదని గుర్తు చేశారు. చల్లటి కుండనీళ్లు కలిపి అందరికీ ఇచ్చాను. సెక్రటరీగారు రెండోసారి అడిగి పుచ్చుకుని, ఎంత మంచిది ఎలా అయిపోయిందో అని జాడీ వైపు చూస్తూ నిట్టూర్చారు. అది ఓదార్పో విచారమో నేను అడగలేదు.

ఆ నెల నుంచి బల్లరసం మందిరం వంటగదిలోనే కాస్తున్నాను. ఆ గదిని గురించి నేను చెప్పవలసినది చాలా ఉంది. కిటికీకి జాలీ లేదు, సింకులో నీళ్లు దిగవు, పొయ్యి ఒక పక్క మండితే ఇంకో పక్క ఆరిపోతుంది. ఇవన్నీ కమిటీకి రాసి ఇచ్చాను. జాలీ వచ్చింది. మిగిలినవి వస్తాయి, వచ్చేదాకా రాస్తాను. మొదటి రోజున సెక్రటరీగారి కోడలు ఒక్కర్తే వచ్చింది. తరువాత ఇంకొందరు ఆడవాళ్లు వస్తున్నారు. ఇంట్లో ఒంటరిగా తొడిమలు తీసే పని ఇప్పుడు కబుర్ల మధ్య తెలియకుండా అయిపోతోంది. చేతులు సరిగ్గా కడుక్కోనివాళ్లను బయటకు పంపేస్తాను. వాళ్లు కడుక్కుని మళ్లీ వస్తారు.

వర్షాకాలం వెళ్లాక మా చెట్టుకు కాయలు దిగాయి. మా వారు సంచీ పట్టుకుని మళ్లీ రావులపాలెం వెళ్లారు, ఈసారి తల ఎత్తుకునే. తీర్మానంలోనే రాసి ఉంది గదా, ఇంక ఎవరికి భయమని ఆయన వాదన. సీసాకు కొత్త రబ్బరు వేయించి, పాకం కలిపి, బీరువాలో పెట్టాం. జాడీ కడిగి బోర్లించాం.

కిందటి శనివారం వంటగదిలో రసం మరుగుతుండగా ఆయన సీసాలు అందిస్తున్నారు. నేను వేడి మీదే పోసి, మూతలు బిగించి, బల్ల మీద వరసగా పెట్టి, సెగ తగ్గించడానికి ఇటు తిరిగాను. మళ్లీ అటు తిరిగేసరికి ఆయన జేబులో నుంచి తెల్లగుడ్డ ముక్కలు తీసి, బిగించిన మూతల మీదే ఒక్కొక్క సీసాకూ వాసెన కడుతున్నారు. గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చారు. సెక్రటరీగారి కోడలు నవ్వు ఆపుకుంటూ నా మొహం చూసింది.

నేను ఒక్కొక్క సీసా ఎత్తి మూత తిప్పి చూశాను. అన్నీ బిర్రుగానే ఉన్నాయి. గుడ్డలు అలాగే ఉండనిచ్చి, ప్లాస్టరు ముక్కల మీద తారీఖు వేశాను.